మినీ బైక్‌కు డిస్క్ బ్రేకు వేయించాలా, ఉన్న పట్టీనే సరిచేయించాలా?

గుత్తి_గరుసు:
అన్నలారా, ఒక సలహా కావాల. పాత పంపుసెట్టు పెట్రోల్ ఇంజన్, 196 సీసీది, పెట్టి మా ఊరి వెల్డింగ్ షాపులో మినీ బైక్ చేయించుకున్నా. ఇంజన్ వేగం పెరిగితే దానంతటదే పట్టే సెంట్రిఫ్యూగల్ క్లచ్, గేర్లు లేవు. బ్రేకు ఎనక ఒక్కటే, అదీ డ్రమ్ము చుట్టూ పట్టీ బిగుసుకునే పట్టీ బ్రేకు. ముందర ఏమీ లేదు. శనక్కాయ పీకేసిన చేన్లో తిప్పినన్నాళ్లు బాగానే ఉండె. పోయిన వారం గుట్ట దిగుతాంటే లివరు హ్యాండిల్‌కు ఆనేదాకా పట్టినా బండి నిలబడలా. తుమ్మకంపలో పడితే ఆగింది. ముండ్లు మా యమ్మ రెండు రోజులు తీసింది. మెకానిక్ ఒకాయన ఎనక ఆయిల్ ఒత్తిడితో పట్టే హైడ్రాలిక్ డిస్క్ వేద్దాం, ఏడు వేలు అంటాండు. మా చిన్నాయనేమో పట్టీ లోపలి లైనింగ్ మారిస్తే చాలు, దుడ్లు దండగ అంటాడు. ఎవరి మాట వినాల?

కడప_డిస్కు:
ఇందులో అడిగేదేముంది, డిస్కే. పట్టీ బ్రేకు చదును మీద ఆడుకునే బండ్లకు. వేడెక్కితే లైనింగ్ జారుతాది, చైన్ ఆయిల్ చిమ్మితే ఇంక చెప్పక్కర్లా. డిస్కు గాలికి బయటే ఉంటాది, తొందరగా చల్లారుతాది. ఏడు వేలు చూసుకుంటే కాలు విరిగినప్పుడు ఎంతవుతాదో కూడా చూసుకో.

రేకుల_షెడ్డు:
ఆగప్పా కడప. గుత్తి తమ్ముడూ, చదును మీద గట్టిగా పడితే ఎనక చక్రం లాక్ అయి ఈడ్చుకుపోతాందా, తిరుగుతానే ఉండాదా? లాక్ అవుతాంటే అక్కడ ఇంకా పెద్ద బ్రేకు వేసినా తొందరగా ఆగవు. గరుసు మీద టైరుకు ఎంత పట్టుంటే అంతే ఆగుతాది. లాక్ కాకుంటే పట్టీ ఎట్ల బిగించినారో చూడు. కోడెను పట్టుకునేటప్పుడు పలుపును గుంజకు రెండు చుట్లు తిప్పితే చిన్న పిల్లోడైనా నిలబెడతాడు గదా, పట్టీ బ్రేకు కిటుకు అదే. డ్రమ్ము తిరుగుతా పట్టీని బోల్టు వేసిన కొస నుంచి కేబుల్ కొస పక్కకు ఈడ్చాల. అప్పుడు ఆ ఈడ్పంతా బోల్టు మోస్తాది, పట్టీ దానంతటదే బిగుసుకుంటాది. తిరగేసి పెడితే ఈడ్పు కేబుల్ మీద పడి నీ వేళ్లతో కొట్లాడతాది. ఎంత పిసికినా పనిచేయదు.

గుత్తి_గరుసు:
అన్నా, నీ నోట్లో చక్కెర పొయ్య. ఇప్పుడే చూసినా, తిరగేసే ఉండాది. బండిని ఎనక్కి తోసి బ్రేకు పడితే టక్కున ఆగుతాంది, ముందుకైతే జారుతాంది! చేసినాయన్ను అడిగితే "పడతాంది గదా" అన్నాడు.

గువ్వలచెరువు_లోడు:
నేను లారీ డ్రైవర్ని. మీరంతా బ్రేకు బ్రేకు అంటాండారు గానీ ఇంజన్ సంగతి ఎవరూ ఎత్తలేదు. గువ్వలచెరువు ఘాట్ మేము గేరు మీద దిగుతాం, బ్రేకు మీద కాదు. బ్రేకు మీదే దిగితే సగం దావకే డ్రమ్ములు కాలిన వాసన కొడతాయి. ఈ తమ్ముడి బండికి గేరే లేదు. ఇంజన్ ఐడిలింగ్‌కు వస్తే ఆ క్లచ్ వదిలేస్తాది, బండి న్యూట్రల్లో దిగినట్లే. బరువంతా ఆ ఒక్క పట్టీ మీదే. పైగా దిగుడులో బరువు ముందుకు పోతాది, ఎనక టైరు తేలికై జారుతాది. ఎనక డిస్కు వేసినా, వజ్రాల బ్రేకు వేసినా అంతే. ముందర బ్రేకు ఉండాల.

కడప_డిస్కు:
నేను చెప్పిందీ అదే కదన్నా, వేడి. లెక్క చూడండి. 20 మీటర్ల ఎత్తు గుట్టను ఒకే నెమ్మదిలో దిగితే బ్రేకు మింగాల్సిన వేడి, చదును మీద 30 కిలోమీటర్ల వేగం నుంచి ఒకసారి ఆపేదానికి అయిదున్నర రెట్ల పైమాటే. బండి బరువెంతైనా లెక్క మారదు. పట్టీని తిప్పి బిగించినా ఆ వేడి యాడికి పోతాది?

రేకుల_షెడ్డు:
ఈ మాట ఒప్పుకుంటా. లెక్క సరైందే. కానీ ఆ ఏడు వేలు ఎనక పెట్టొద్దు.

ఓర్వకల్లు_రాళ్లు:
నడుమ దూరుతాండా, ఏమనుకోవద్దు. రిజిస్ట్రేషన్ లేని బండి, రోడ్డెక్కించొద్దు. మైనర్ నడిపి దొరికితే పెద్దోళ్లకు 25,000 జరిమానా, జైలు కూడా. 2019 సవరణలో వచ్చింది.

గుత్తి_గరుసు:
లేదన్నా, చేన్లోనే. మా అక్క కొడుక్కు ముట్టనీను.

కడప_డిస్కు:
అయితే ముందర హైడ్రాలిక్ డిస్క్ వేయించు, అయిపోయె. గుజిరీలో పాత స్కూటర్ సెట్టు దొరుకుతాది.

రేకుల_షెడ్డు:
అయిపోయె అంటే అయిపోదు నాయనా! ముందర చక్రాన్ని పట్టుకునే ఆ ఫోర్కు ఏ పైపుతో చేసినారో చూసినావా? బ్రేకు పడితే డిస్కును నొక్కిపట్టే క్యాలిపర్ చక్రంతో పాటు తిరగాలని చూస్తాది, ఆపేది ఫోర్కుకు అతికించిన చిన్న ముక్కే. పలుచని పైపు మీద వెల్డింగ్ పెడితే ఒకనాడు ఊడి చక్రం పుల్లల్లో పడతాది, నువ్వు హ్యాండిల్ మీంచి ఎగురుతావు. ముందు మందం పైపుతో ఫోర్కు, తర్వాత క్యాలిపర్. ఇంకొకటి, గుజిరీ సెట్టులో నల్లబడిన ఆయిల్ ఉంటే పారబోయి. డాట్ 4 అనే రకం బ్రేకు ఆయిల్ నీటిని పీలుస్తాది. కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, నీరు పట్టినాక ఆ కనీసం 155కు పడిపోతాది. మరిగిందంటే లైన్లో ఆవిరి, లివరు మెత్తగా లోపలికి పోతాది. డాట్ 5 సిలికాన్ది, దాంట్లో కలపొద్దు.

గువ్వలచెరువు_లోడు:
గరుసు మీద ముందర చక్రం లాక్ అయితే పడేది ఖాయం. రెండు వేళ్లతోనే పట్టేది నేర్చుకో తమ్ముడూ, గుప్పిట్లో పిసకొద్దు.

కడప_డిస్కు:
మొత్తానికి డిస్కే కదా! ముందరో ఎనకో, గెలిచింది నేనే.

రేకుల_షెడ్డు:
గెలిచినావులే, పోయి పండుకో.

గుత్తి_గరుసు:
పట్టీ తిప్పి బిగించి, కేబుల్ లోపలి తీగ, పై తొడుగు రెండూ మార్పించినా. మూడు వందల ఎనభై అయింది. చేన్లో సున్నం గీత గీసి చూస్తే ఇంతకుముందు గీత దాటి పదమూడు అడుగులేస్తే గానీ ఆగని బండి, ఇప్పుడు ఏడుకే ఆగుతాంది, ఎనక చక్రం లాక్ కూడా అవుతాంది. నిన్న గుట్ట సగం దాకా ఎక్కి దిగినా. కిందికొచ్చి డ్రమ్ము మీద ఉమ్మితే సుయ్యిమనింది. ఫోర్కు అయ్యేదాకా గుట్ట బంద్. రేకుల షెడ్డు అన్నా, మీ షెడ్డు అనంతపురంలో యాడుండాది? ఫోర్కు పైపు నువ్వే చూపించాల.