మిగిలిన టర్కీ కోడితో చిక్కటి సూప్: పాలు విరగకుండా ఎలా? మైదా వెయ్యాలా, వద్దా?

ఫ్రిస్కో వంటిల్లు (శుక్రవారం ఉదయం 9:10)
అందరికీ నమస్కారం. నిన్న ఇక్కడ అమెరికాలో థాంక్స్‌గివింగ్ పండక్కి పద్నాలుగు పౌండ్ల టర్కీ చేశాను. తొమ్మిదిమంది తిన్నా మూడు పౌండ్ల దాకా కండ మిగిలింది. బొమికల గూడు మొత్తం అలాగే ఉంది. మా అమ్మాయి ఏడో తరగతి. స్నేహితురాలి ఇంట్లో తిన్న చిక్కటి తెల్లటి సూప్ కావాలని నెల రోజులుగా అడుగుతోంది. పోయినేడు చేసి చెడగొట్టాను. టమాటా వేసి, కుతకుత ఉడుకుతుండగా ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పాలు పోసేశాను. నిమిషంలో విరిగి రవ్వలు రవ్వలుగా పైకి తేలాయి. రుచి బాగానే ఉంది కానీ పిల్ల గిన్నె పక్కకి జరిపేసింది. ఈసారి అలా కాకూడదు. మైదాని వెన్నలో వేయించి కలపమని కొందరు, జీడిపప్పు ముద్ద చాలని ఇంకొందరు అంటున్నారు. చేసి చూసినవాళ్ళు చెప్పండి.

మిన్నెసోటా చలి (9:42)
పాలు విరగడానికి మీరే రెండు కారణాలూ చెప్పారు: టమాటా పులుపు, ఉడుకు. మూడోది, తక్కువ కొవ్వున్న పాలు తొందరగా విరుగుతాయి. హెవీ క్రీమ్‌లో కనీసం 36 శాతం కొవ్వు ఉంటుంది కాబట్టి వేడికి తట్టుకుంటుంది. మైదా వేసేది చిక్కదనానికి ఒక్కటే కాదు. ఆ పిండి పాలలోని ప్రోటీన్ ఒకచోట గుంపు కట్టకుండా అడ్డం పడుతుంది.

పద్ధతి ఇది. బొమికలు విరిచి పెద్ద గిన్నెలో పెట్టి, మునిగి అంగుళం పైకి వచ్చేలా చన్నీళ్ళు పోయండి. ఉల్లిపాయ, సెలరీ, క్యారెట్, బిర్యానీ ఆకు, పది మిరియాలు. సన్న మంట మీద మూడు గంటలు. తెర్లనివ్వకండి, తెర్లితే నీళ్ళు మడ్డిగా అవుతాయి. వడకట్టి ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి జున్నులా గడ్డ కడుతుంది. అలా గడ్డ కట్టిందంటే బొమికల్లో సారమంతా దిగినట్టే.

తరవాత ఆరు పెద్ద చెంచాల వెన్న కరిగించి, అంతే మైదా వేసి, పచ్చివాసన పోయేదాకా రెండు మూడు నిమిషాలు కలపండి. రంగు మారకూడదు. ఆరు కప్పుల స్టాక్‌ని, అంటే ఆ వడకట్టిన బొమికల రసాన్ని, గరిటెడు గరిటెడు పోస్తూ కలపండి. ఒకేసారి కుమ్మరిస్తే ఉండలు కడుతుంది. కండ ముక్కలు చివరి ఐదు నిమిషాల్లోనే. అది ముందే ఉడికిన మాంసం, ఇంకా ఉడికిస్తే పీచు పీచు అవుతుంది. పొయ్యి కట్టేశాక కప్పు క్రీమ్.

మా వైపు దీంట్లో వైల్డ్ రైస్ వేస్తారు. పేరుకి రైసే కానీ వరి కాదు, చెరువుల్లో పెరిగే వేరే గడ్డి గింజ. ఇక్కడి ఆదివాసులైన ఒజిబ్వే ప్రజలు చిన్న పడవల్లో వెళ్ళి, కర్రలతో కంకుల్ని తట్టి పడవలోకి రాల్చుకుంటారు. మనూమిన్ అంటారు దాన్ని. విడిగా ముప్పావుగంట ఉడికించి కలపండి. పంటి కింద గింజ తగులుతూ ఉంటే ఆ సూప్ కడుపు నింపేస్తుంది.

గోదారి గట్టు (10:05)
మైదా ఎందుకండీ? మా ఊళ్ళో మైదా ఉడకబెట్టి సినిమా పోస్టర్లు అంటించేవాళ్ళు. ఆ జిగురు పిల్లలకి పొయ్యడమా? రెండు బంగాళాదుంపలు అదే నీళ్ళలో ఉడికించి మెదిపి కలిపెయ్యండి. ఇంకా కావాలంటే గుప్పెడు జీడిపప్పు నానబెట్టి రుబ్బండి. చిక్కగానూ ఉంటుంది, విరిగే బాధా లేదు. ఎముకల రసానికి మిరియాలు, అల్లం, వెల్లుల్లి పడితే చాలు. మన పద్ధతి ఉండగా వాళ్ళ పద్ధతి ఎందుకు?

మిన్నెసోటా చలి (10:11)
రెండు మూడు నిమిషాలు వేయిస్తే జిగురు వాసన రాదు. మీరు ఎప్పుడైనా చేశారా?

గోదారి గట్టు (10:14)
తిన్నాను. అది చాలు.

పాలమూరు ఆడబిడ్డ (10:20)
బిర్యానీ చేస్తే ఈ గొడవే ఉండదు కదా.

ఆవకాయ జాడీ (10:31)
ఎక్కువ చేస్తే క్రీమ్ పొయ్యకముందే సగం తీసి ఫ్రీజర్‌లో పెట్టుకోండి. పాలు పోసినది గడ్డ కట్టించి కరిగిస్తే నీళ్ళు వేరు, తరకలు వేరు అవుతుంది.

రాత్రి డ్యూటీ (10:48)
నేను నర్సుని. మైదా సంగతి తరవాత. బొమికలు ఫ్రిజ్‌లోకి ఎప్పుడు వెళ్ళాయి?

ఫ్రిస్కో వంటిల్లు (11:02)
కండ వొలిచి వెంటనే డబ్బాల్లో సర్ది పెట్టేశాను. భోజనాలు నాలుగింటికి. బొమికలు మాత్రం ట్రేలోనే పొయ్యి మీద ఉండిపోయాయి, ఫ్రిజ్‌లో చోటు లేక. రాత్రి పదకొండున్నరకి పెట్టాను.

రాత్రి డ్యూటీ (11:09)
అయితే ఆ బొమికలు పారెయ్యండి. వండింది బయట రెండు గంటలు దాటకూడదు. మీవి ఏడు గంటలు పైనే ఉన్నాయి. కండతో చేసుకోండి, స్టాక్ కొట్లో దొరికే డబ్బాది వాడండి. కండ కూడా మూడు నాలుగు రోజుల్లో అయిపోవాలి.

గోదారి గట్టు (11:15)
మూడు గంటలు మరగబెడుతుంటే ఇంకా ఏ పురుగు బతుకుతుందండీ?

రాత్రి డ్యూటీ (11:34)
బతుకుతుంది కాబట్టే చెప్తున్నాను. క్లోస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ అని ఒకటుంది. దాని బీజాలు ఉడుకులో చావవు. మాంసం గోరువెచ్చగా ఉన్న గంటల్లో మొలకెత్తి పెరుగుతాయి. పెద్ద ముక్కలూ, లోతు గిన్నెలో గ్రేవీ మెల్లగా చల్లారతాయి కాబట్టి దానికి అనువు. దీని కేసులు ఈ దేశంలో నవంబరు, డిసెంబరులలో ఎక్కువని ఇక్కడి ఆరోగ్యశాఖవాళ్ళే చెప్తారు. కారణం మీరే ఊహించుకోండి. ఇంకోటి, స్టెఫైలోకాకస్. అది మాంసం మీద వదిలిన విషం మరగబెట్టినా పోదు. పురుగు చచ్చినా విషం ఉంటుంది.

రెండేళ్ళ క్రితం నేనే పడ్డాను. ఒక సత్యనారాయణ వ్రతం భోజనాల తరవాత మిగిలిన పలావు ట్రే రాత్రంతా బల్ల మీద ఉంది. పొద్దున్న వేడి చేసుకుని తిన్నాం. నేనూ మా పెద్దాడూ రెండు రోజులు మంచం దిగలేదు. వాడికి ఆరేళ్ళు. సెలైన్ ఎక్కించడానికి చిన్న చెయ్యి పట్టుకుని నరం వెతుకుతుంటే నా చేతులే వణికాయి. రోజూ చేసే పనే.

గోదారి గట్టు (11:58)
మీ బాబుకి అలా జరగడం బాధే. కానీ మేమందరం చద్దన్నం తిని పెరిగినవాళ్ళం. మా అమ్మ చేపల పులుసు పొద్దున చేస్తే ముట్టుకోనిచ్చేది కాదు, మర్నాటికే రుచి అనేది. ఫ్రిజ్ ఎక్కడిది మాకు? ఉట్టి మీద ఉండేది.

నాలుగేళ్ళ క్రితం అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు మట్టిదాక లేదని స్టీలు గిన్నెలోనే పులుసు పెట్టింది. రెండో రోజు మా ఇంటికొచ్చిన చుట్టాలమ్మాయి మూత తీసి చూసి, 'పాతది' అని మొత్తం చెత్తలో పోసేసింది. అడగలేదు కూడా. అమ్మ ఏమీ అనలేదు. గిన్నె కడుక్కుని, ఆ పూట అన్నం తినకుండా పడుకుంది. మళ్ళీ రాలేదు, రాలేకపోయింది. డబ్బా మీద తేదీ చూసి అన్నీ పారెయ్యడం నేర్చుకున్నాక మనకి వండిన చెయ్యి కనపడటం మానేసింది. అందుకే నాకు ఈ 'పారెయ్యండి' మాట వింటే ఒళ్ళు మండుతుంది.

తెనాలి కోడలు (12:06)
అయ్యో. చదువుతుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

రాత్రి డ్యూటీ (12:15)
అమ్మగారి పులుసు పారెయ్యడం తప్పు, అడక్కుండా పారెయ్యడం మరీ తప్పు. కానీ చింతపండు పులుసూ టర్కీ బొమికలూ ఒకటి కావు. ఆ పులుపులో చాలా పురుగులు పెరగలేవు. పూటపూటకీ తెర్లబెట్టేవాళ్ళు కూడా. టర్కీలో పులుపు లేదు, ఉప్పు తక్కువ, కొవ్వూ తడీ ఎక్కువ. మీ అమ్మగారు తెలిసే చేశారు. మీరు ఆవిడ పేరు చెప్పి ఇంకోరి పిల్లల చేత ఇది తినిపించమంటున్నారు.

గోదారి గట్టు (12:19)
ఆవిడ పేరు మీరు ఎత్తకండి.

మిన్నెసోటా చలి (12:27)
బొమికలు పారేసినా రూ, అంటే వెన్నలో వేయించిన మైదా, మాత్రం మానకండి. డబ్బా స్టాక్‌లో జిగి ఉండదు కాబట్టి మైదా ఇంకా అవసరం. డబ్బా మీద ఉప్పు తక్కువ అని రాసున్నది కొనండి, లేకపోతే సూప్ ఉప్పుకషాయం అవుతుంది.

కోనసీమ కొబ్బరి (12:40)
ఇక్కడ ఇంత గొడవ జరుగుతుంటే మీకు మైదానేనా అండీ?

మిన్నెసోటా చలి (12:44)
ఆవిడ అడిగింది అదేగా. పిల్ల గిన్నె పక్కకి జరిపేసిందన్న మాట నేను మర్చిపోలేదు.

రాత్రి డ్యూటీ (12:52)
ఫ్రిస్కో గారూ, ఒక మాట. ఫ్రిజ్‌లో చోటు లేకపోతే పదకొండున్నరకి ఎలా వచ్చింది? తప్పు పట్టడానికి కాదు. వచ్చే ఏడాది ఇలా జరగకుండా ఏం చెయ్యాలో ఆలోచిద్దామని.

ఫ్రిస్కో వంటిల్లు (2:30)
చెప్పాలా వద్దా అని రెండు గంటలు ఆలోచించాను. చోటు ఉంది. మా అత్తగారు ఆరు నెలలకి వచ్చారు. కార్తీకమాసం కదా, ఆవిడ నీచు ముట్టరు, ఇంట్లో రోజూ దీపం పెడతారు. థాంక్స్‌గివింగ్ ఎప్పుడూ నవంబరు నాలుగో గురువారమే, ఈసారి కార్తీకంలో పడింది. ఆవిడ పాలూ పెరుగూ ఉన్న ఫ్రిజ్‌లో ఆ బొమికల ట్రే పెట్టడానికి ఒప్పుకోలేదు. గట్టిగా అనలేదు. ట్రే పట్టుకుని నేను తలుపు తీస్తే, లేచి వచ్చి తన పెరుగు గిన్నె తీసుకుని గదిలోకి వెళ్ళిపోయారు. చుట్టాలందరూ చూస్తున్నారు. నేను తలుపు మూసి, ట్రే పొయ్యి మీద పెట్టేశాను. కండ డబ్బాలు అప్పటికే కింద సొరుగులో ఉన్నాయి, ఆవిడకి తెలియదు. ఆవిడ నిద్రపోయాక ట్రే లోపల పెట్టాను. మా ఆయన 'రేపు చూద్దాంలే' అని పడుకున్నారు.

గోదారి గట్టు (2:41)
ముందే చెప్పుంటే ఇంత మాట్లాడేవాణ్ణి కాదు. కానీ కార్తీకంలో పెద్దావిడ ఉన్న ఇంట్లో టర్కీ తేవడం సబబు కాదమ్మా. ఒక నెల ఆగలేరా?

తెనాలి కోడలు (2:46)
పండగ వాళ్ళ నెలలో వస్తుంది, మన నెలలో కాదు. పిల్లకి బళ్ళో సెలవు ఆ రోజే. వంట చేసింది ఆవిడే, బొమికలు కడిగేదీ ఆవిడే, పెద్దావిడ మనసు చూసుకోవాల్సిందీ ఆవిడే. ఆయన 'రేపు చూద్దాంలే' అన్నది మీకు కనపడలేదా? తప్పు మాత్రం ఈవిడదా?

గోదారి గట్టు (2:55)
ఆయన్ని వెనకేసుకు రావడం లేదు. తన గిన్నె తను తీసుకుని గదిలోకి వెళ్ళిన ఆవిణ్ణే చూస్తున్నాను. మా అమ్మా అలాగే వెళ్ళింది.

రాత్రి డ్యూటీ (3:10)
అన్నగారూ, ఇందాక నేను అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. బొమికల సంగతి మాత్రం తీసుకోలేను.

ఫ్రిస్కో గారూ, ఐస్‌బాక్స్ ఉందా? కింద ఐసు పరిచి, బొమికలు సంచిలో వేసి పైన ఇంకో పొర ఐసు పోస్తే రాత్రికి చాలు. ఐసు కరిగితే మార్చాలి, అంతే. ఎవరి పెరుగు పక్కనా పెట్టక్కర్లేదు.

మిన్నెసోటా చలి (3:18)
మేం నవంబరులో గరాజులో పెట్టేస్తాం, అక్కడ ఫ్రిజ్ కన్నా చలి. మీ టెక్సాస్‌లో అది కుదరదు, ప్రయత్నించకండి.

కోనసీమ కొబ్బరి (3:25)
మా ఇంట్లో గరాజులో పాత ఫ్రిజ్ ఒకటి నీచుకే కేటాయించాం. మా అమ్మ వచ్చిన మొదటి ఏడాది నుంచీ. ఆవిడ అడక్కముందే పెట్టాం.

ఫ్రిస్కో వంటిల్లు (రాత్రి 9:15)
బొమికలు పారేశాను. సంచి కడుతుంటే ప్రాణం ఉసూరుమంది, గోదారి గారూ, అది మీకు తెలియాలని చెప్తున్నాను.

డబ్బా స్టాక్‌తో చేశాను. మైదా నాలుగు చెంచాలే వేశాను, ఒక బంగాళాదుంప మెదిపి కలిపాను. టమాటా వెయ్యలేదు. కండ డబ్బాలు సొరుగులో ఉన్నాయని వంట మొదలుపెట్టే ముందు అత్తయ్యకి నేనే చెప్పేశాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తరవాత వచ్చి, పొయ్యికి దూరంగా నిలబడి, 'ఆ తెల్లది నాకు పనికొచ్చేలా చెయ్యగలవా' అని అడిగారు. వేరే గిన్నె తీసి నీళ్ళతో, మొక్కజొన్న గింజలు, బంగాళాదుంప వేసి విడిగా చేశాను. ఉల్లి, వెల్లుల్లి లేకుండా. మిరియాలు ఆవిడే దంచి ఇచ్చారు. తాగారు. బాగుందనలేదు, గిన్నె మాత్రం ఖాళీ చేశారు. టర్కీ డబ్బాలు ఇంకా సొరుగులోనే ఉన్నాయి, ఆవిడ పెరుగు గిన్నె ఇంకా గదిలోనే ఉంది. రేపు ఐస్‌బాక్స్ కొనమని మా ఆయన్ని పంపిస్తున్నాను.

గోదారి గట్టు (9:24)
పెరుగు గదిలో పెడితే పులిసిపోతుంది. డబ్బాలు ఇవాళే బయటికి తియ్యమ్మా. ఐసు పెట్రోలు బంకులో దొరుకుతుంది.

మిన్నెసోటా చలి (9:26)
విరగలేదు కదా?

ఫ్రిస్కో వంటిల్లు (9:31)
లేదండి. ఒక్క రవ్వ కూడా తేలలేదు. అమ్మాయి రెండోసారి పోయించుకుంది. మా ఆయన ఐసు కోసం వెళ్ళారు.