బెంగాల్ పిల్లికి బొచ్చు రాలదన్నారు, మరి ఈ ఉండలేంటి?

పోపు_వాళ్లమ్మ, మియాపూర్:

అందరికీ నమస్తే. మా దగ్గర ఏడాదిన్నర బెంగాల్ జాతి మగపిల్లి ఉంది, పేరు పోపు, ఒంటిమీద మచ్చలు నూనెలో ఆవాలు చిట్లినట్టు ఉంటాయని మా పాప పెట్టింది. అమ్మినాయన "బెంగాల్ అంటే అసలు హెయిరే రాలదు మేడమ్, అలర్జీ ఉన్నవాళ్లు కూడా పెంచుకోవచ్చు" అన్నాడు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోయింది, ఆ వారం నుంచే బొచ్చు రాలడం మొదలైంది. సోఫా, నల్ల ప్యాంట్లు ఎలాగో సర్దుకున్నాం గానీ, నిన్న అత్తమ్మ పూజకి తీసుకున్న మడిచీర మీద రెండు వెంట్రుకలు కనిపించేసరికి ఇంట్లో పెద్ద పంచాయితీ అయింది.

ఆన్‌లైన్‌లో బ్లేడు లాంటి స్టీలు దువ్వెన తెప్పించి రోజూ దువ్వుతున్నా, ప్రతిసారీ నిమ్మకాయంత ఉండ వస్తోంది. ఆదివారం ఆదివారం బేబీ షాంపూతో స్నానం. తగ్గలేదు సరికదా, ఇదివరకు ఎండలో బంగారు పొడి చల్లినట్టు మెరిసే వీపు ఇప్పుడు కొబ్బరిపీచులా ఉంది. పొట్ట కింద, వెనక కాళ్ల లోపలివైపు బొచ్చు పల్చబడింది కూడా. కొబ్బరినూనె రాయమంటోంది అత్తమ్మ. రాయొచ్చా? తిండి ఏమైనా మార్చాలా?

రెండు_పిల్లుల_నాన్న:

బెంగాల్ బొచ్చు పొట్టిగా, ఒంటికి అతుక్కుని ఉంటుంది, పర్షియన్‌తో పోలిస్తే తక్కువ రాలుతుంది, అంతవరకు ఆయన చెప్పింది నిజమే. అసలు రాలదనడం అబద్ధం. అలర్జీ సంగతైతే ఉత్త వ్యాపారం మాట, ఎందుకంటే అలర్జీ తెప్పించే ప్రొటీను పిల్లి ఉమ్మిలో, చర్మంలో ఉంటుంది, పొద్దస్తమానం ఒళ్లు నాక్కునే జంతువు కదా మరి.

బొచ్చు రాలడానికి వేడి ఒక్కటే కాదు, పగటి వెలుగు కూడా ముఖ్యం. మన దగ్గర డిసెంబరులో పగలు దాదాపు 11 గంటలైతే జూన్‌లో 13 గంటలు, ఆ మార్పును బట్టి పిల్లి కోటు మారుస్తుంది. ఫ్లాట్లో అర్ధరాత్రి దాకా లైట్లు వేసి ఉంచుతాం కాబట్టి లోపలే ఉండే పిల్లులు ఏడాది పొడవునా కొంచెం కొంచెం రాలుస్తూనే ఉంటాయి.

ఆ స్టీలు దువ్వెన ముందు అటక మీద పడేయండి. అది ఊడిన బొచ్చుతో పాటు బాగున్న బొచ్చును కూడా మధ్యలో తెంపేస్తుంది, మీకొచ్చే నిమ్మకాయలో సగం అదే అయ్యుంటుంది. మెత్తటి రబ్బరు బ్రష్ కొని వారానికి రెండుసార్లు, బొచ్చు వాలు ఎటుంటే అటే, ఐదు నిమిషాలు చాలు. అదీ లేకపోతే చెయ్యి తడిపి, బాగా విదిలించి, మెడ నుంచి తోక దాకా నాలుగుసార్లు నిమరండి, అరచేతికి ఎంత అంటుకుంటుందో చూస్తే మీరే ఆశ్చర్యపోతారు. వారం వారం స్నానం వద్దు. మనుషుల షాంపూ పిల్లి చర్మానికి పడదు, పొడిబారి ఇంకా రాలుతుంది. కొబ్బరినూనె రాస్తే మొత్తం నాకి విరేచనాలు చేసుకుంటుంది, మిగిలింది దుమ్ముతో కలిసి జిడ్డవుతుంది. తిండిలో మాంసం ఉండాలి, పెరుగన్నంతో నెట్టుకొస్తే మాత్రం ఆ మెరుపు రాదు.

తార్నాక_నుంచి:

పైన చెప్పిందంతా వీపుకి సరిపోతుంది. నాకు పొట్ట సంగతే అనుమానంగా ఉంది. మామూలుగా రాలితే ఒళ్లంతా రాలుతుంది, ఒక్కచోట పల్చబడదు. పొట్ట, తొడల లోపలివైపు అంటే అది నాకి నాకి తీసేస్తోందని అర్థం, దురద వల్ల కావచ్చు, టెన్షన్ వల్ల కావచ్చు. బొచ్చు పక్కకి తీసి చర్మం చూడండి. తోక మొదట్లో గోటితో గీకి, రాలిన నల్ల నలుసుల్ని తడి టిష్యూ మీద వేయండి. ఎర్రటి మరక వస్తే మట్టి కాదు, ఫ్లీలు అంటే బొచ్చులో గెంతే చిన్న పురుగుల రెట్ట, తాగిన రక్తం అది.

గుండ్రంగా ఊడి, అంచుల్లో పొట్టు కనిపిస్తే తామర అయ్యుండొచ్చు, మనుషులకీ అంటుతుంది. మా పిల్లికి చెవి వెనక రూపాయి బిళ్లంత ఊడితే, ఎండాకాలం కదా అని నేను మూడు వారాలు ఊరుకున్నా, మా అమ్మాయి మోచేతి మీద అదే బిళ్ల వచ్చాక బుద్ధొచ్చింది. దగ్గర్లో మంచి డాక్టరు లేకపోతే రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్లండి, పొద్దున్నే వెళ్తే మేలు.

చార్మినార్_చాయ్:

వైద్యం నాకు తెలీదు, ఆ బంగారు పొడి మాట చూసి ఆగా. దాన్ని గ్లిటర్ అంటారు, అది మన దేశం సరుకేనండీ! బెంగాల్ జాతిని తయారు చేసిన అమెరికా ఆవిడ జీన్ మిల్ 1980ల మొదట్లో ఢిల్లీ జూకి వస్తే, ఖడ్గమృగం ఉండే చోట మచ్చల వీధిపిల్లి ఒకటి కనిపించిందట, దాన్ని తీసుకెళ్లి తన పిల్లులతో కలిపింది, ఈ మెరుపు దాని నుంచే వచ్చిందంటారు. మనం వేలు పోసి కొనుక్కుంటున్నది మన వీధిపిల్లి వన్నెనే.

పోపు_వాళ్లమ్మ, మియాపూర్:

టిష్యూ ఎర్రబడింది 😭 వంటింటి బాల్కనీ గ్రిల్ దగ్గరికి ఒక వీధిపిల్లి వచ్చి కూర్చుంటుంది, మావాడు గ్రిల్లోంచి ముక్కూ ముక్కూ రాసుకుంటాడు, అక్కడే అంటుకున్నట్టుంది. కింద ఫ్లాట్ వాళ్ల లాబ్రడార్‌కి మెడ మీద వేసే చుక్కల మందు ఉందట, సగం వేస్తే చాలంటున్నారు. వేసెయ్యనా?

తార్నాక_నుంచి:

వద్దు! ఒక్క చుక్క కూడా వద్దు. కుక్కల మందుల్లో పెర్మెత్రిన్ అనే పురుగుల మందు ఉండే రకాలున్నాయి, పిల్లి ఒంట్లో అది విరగదు, వణుకు, ఫిట్స్ వచ్చి ప్రాణం పోతుంది. సగం, పావు లెక్క దీనికి లేదు. పిల్లులకని రాసి ఉన్నదే, దాని బరువు చూపించి డాక్టరు చేత రాయించుకోండి. ఫ్లీల గుడ్లు ఒంటి మీద కంటే దుప్పట్లలో, సోఫా సందుల్లోనే ఎక్కువ రాలి ఉంటాయి, వేడినీళ్లతో ఉతకండి, వాక్యూమ్ రోజూ పట్టండి.

పోపు_వాళ్లమ్మ, మియాపూర్:

సీసా తిరిగిచ్చేశా. డబ్బా మీద చిన్నక్షరాల్లో మీరన్న పేరే ఉంది, పిల్లి బొమ్మ మీద అడ్డగీత కూడా ఉంది, ఇంతకుముందు కంటికే ఆనలేదు. రేపు పొద్దున డాక్టరు దగ్గరికి. అత్తమ్మ మాత్రం మడిచీరని బీరువా పై అరలోకి మార్చింది, ఆ అర మీదే పోపు పడుకుంటాడని ఇంకా చెప్పలేదు.