కుళాయిలో మొదటి పది నిమిషాలు మురికి నీళ్లు: తేడా ట్యాంకులోనా, లైన్లోనా?

కాలువగట్టు
మా ఊరికి సాగర్ కుడికాలువ నీళ్లు. చెరువులో నింపి, ఫిల్టర్ బెడ్ల మీదుగా ట్యాంకుకి ఎక్కిస్తారు. రోజు విడిచి రోజు గంటసేపు వదులుతారు. మొదటి పది నిమిషాలు మట్టి రంగు, మురుగు వాసన. తర్వాత తేటగానే వస్తాయి. టీడీఎస్ 310 ఉంది కాబట్టి భయం లేదంటున్నారు. నిజమేనా? ఏ పరీక్ష చేయించాలి?

క్లోరోస్కోపు
టీడీఎస్ మీటరు పక్కన పెట్టేయండి. అది కరిగిన లవణాల సంగతే చెబుతుంది, క్రిముల సంగతి దానికి తెలీదు.

చూడాల్సింది మిగులు క్లోరిన్, అంటే క్రిముల్ని చంపగా నీళ్లలో ఇంకా మిగిలి ఉన్న క్లోరిన్. ఓటీ (ఆర్థోటోలిడిన్) మందుతో క్లోరిన్ చూసే కిట్టు గొట్టంలో గీత దాకా నీళ్లు పట్టి, సీసా మీద రాసినన్ని చుక్కలు వేసి, పసుపు రంగు రాగానే కిట్టులోని రంగుల గుర్తులతో పోల్చుకోండి. ఆలస్యం చేస్తే రంగు ముదిరి, లేని క్లోరిన్ ఉన్నట్టు కనబడుతుంది. ఆ నీళ్లు పారబోయండి, ఓటీ మందు విషం.

ట్యాంకు దగ్గర ఒక పరీక్ష, మీ వీధి చిట్టచివరి ఇంట్లో రెండు: నీళ్లు వదలగానే, మళ్లీ పావుగంటకి. తాగునీటికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం వాడకందారు కుళాయిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. ట్యాంకు దగ్గరే లేదంటే బ్లీచింగ్ లోపం. అక్కడ ఉండి, చివరింట్లో మొదటి నీళ్లకి సున్నా, పావుగంటకి 0.2 వచ్చిందా, లైన్లోకి మురుగు దిగుతోందని అనుమానించాల్సిందే.

గేట్‌వాల్వు
లైన్లోకే దిగుతుంటుంది. సప్లై ఆపాక పైపులో నీళ్లు పల్లానికి జారిపోతాయి, మెరక వైపు పైపు ఖాళీ అయి చిల్లుల్లోంచి బయటి నీటిని పీల్చుకుంటుంది. కుళాయికి నేరుగా మోటారు బిగించేవాళ్లుంటే ఇంకా ఘోరం.

మెయిన్ లైను తవ్వే ముందు మురుగుకాలువ దాటే ఇంటి కనెక్షన్లు చూడండి. కాలువలో నానిన జీఐ (జింకు పూత ఇనప) పైపు మరలు కోసిన చోటే ముందు తుప్పు పట్టి చిల్లు పడుతుంది. ఆ ముక్క తీసేసి, కాలువ పైనుంచి, కేసింగ్ గొట్టంలో (రక్షణగా ఉండే పెద్ద గొట్టంలో) కొత్త పైపు వేయించాలి. గుంట కుళాయిలు నేల మీదికి ఎత్తించాలి. పని అయ్యాక లైన్లో మురికి బయటికి వదిలే వాష్‌అవుట్ వాల్వు తిప్పి లైను కడగందే నీళ్లు వదలొద్దు.

కాలువగట్టు
థాంక్సండీ. ట్యాంకు 60 వేల లీటర్లు. బ్లీచింగ్ పొడి గుప్పిళ్లతో పైనుంచి చల్లేస్తున్నారు. ఎంత వేయాలి?

క్లోరోస్కోపు
లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున 120 గ్రాముల క్లోరిన్ కావాలి. పొడిలో 25 శాతం బలం (క్లోరిన్) ఉంటే 480 గ్రాములు. మూతి విప్పి వదిలేసిన బస్తాలో బలం 15 శాతానికి పడిపోతే అదే పనికి 800 గ్రాములు. గుప్పిళ్ల లెక్క అందుకే కుదరదు. పొడిని బకెట్లో ముద్దగా కలిపి, నీళ్లు పోసి, సున్నం పేరుకున్నాక పైతేట మాత్రమే ట్యాంకులో పోయాలి. అరగంట ఆగాకే వాల్వు తిప్పాలి. చివరింట్లో 0.2 రాకపోతే మోతాదు కొంచెం కొంచెం పెంచుకోవచ్చు. కానీ లీకేజీ ఉండగా బ్లీచింగ్ దట్టించడం దండగ.

చెరువునీళ్లు
ల్యాబుకి పంపేటప్పుడు వాళ్లిచ్చిన స్టెరైల్ సీసాలోనే పట్టండి, కడగొద్దు. అందులోని థయోసల్ఫేట్ క్లోరిన్‌ని విరిచేస్తుంది, లేకపోతే దారిలోనే క్రిములు చచ్చి రిపోర్టు బాగున్నట్టు వస్తుంది. ఐసులో పెట్టి ఆరు గంటల్లోపు చేర్చండి. 100 మిల్లీలీటర్లలో ఈ-కోలి (మలం కలిసిందని చెప్పే క్రిమి) ఒక్కటీ కనబడకూడదు.

అందాకా తాగే నీళ్లు తెర్లకాచండి. వేసవిలో కాలువ కట్టేసి బోరు నీళ్లు కలుపుతుంటే ఫ్లోరైడ్ కూడా చూపించండి. హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. అది మరిగిస్తే పోదు.