రాజధాని తిరిగొచ్చింది సరే, బ్యాంకు వాల్యుయేషన్‌లో అది కనిపించాలా వద్దా?

పటమట బాటసారి

అమరావతి పక్కన కుంచనపల్లిలో ఒక ఫ్లాటు చూశాం. రెండు పడకగదులు, తూర్పు ముఖం, కట్టి ఆరేళ్లయింది. యజమాని 72 లక్షలు చెప్పి అక్కడే కూర్చున్నారు. బ్యాంకు పంపిన వాల్యుయర్ గదులు కొలిచి, మెట్ల దగ్గర నుంచి పైకప్పు దాకా ఫొటోలు తీసుకుని, చివరికి 61 లక్షలని రాశారు. దాని మీద 80 శాతం, అంటే 48 లక్షల 80 వేలు అప్పు ఇస్తామంటున్నారు. 72 లక్షల మీద లెక్కేస్తే 57 లక్షల 60 వేలు రావాలి. తేడా 8 లక్షల 80 వేలు. ఇంత మొత్తం నేను ఎక్కడి నుంచి తేవాలి?

ఏజెంటు ఒకటే మాట అంటున్నాడు: "ఆ వాల్యుయర్ ఇంకా పాత ప్రభుత్వంలోనే ఉన్నాడండీ." ఆలోచిస్తే నాకూ అందులో నిజం ఉందనిపిస్తోంది. మూడు రాజధానులన్న ప్రభుత్వం 2024 జూన్‌లో మారింది. జులైలో కేంద్ర బడ్జెట్లో అమరావతికి 15,000 కోట్లు సమకూరుస్తామన్నారు. ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు అప్పులు మంజూరయ్యాయి, ఇళ్లకు, పట్టణాలకు అప్పులిచ్చే కేంద్ర సంస్థ హడ్కో 11,000 కోట్లు ఇస్తానంది. 2025 మే 2న ప్రధాని వచ్చి పనులు మళ్లీ ప్రారంభించారు. ఊరంతా దీన్ని చూసే ధర చెబుతుంటే, వాల్యుయర్ ఒక్కడూ చూడకపోవడం న్యాయమేనా? మీ అభిప్రాయాలు చెప్పండి.

గజంబద్ద

నేను గుంటూరులో ఇదే పని చేస్తాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. మీ వాల్యుయర్ పాత ప్రభుత్వంలో లేరు, పాత దస్తావేజుల్లో ఉన్నారు.

ఫ్లాటుకు విలువ కట్టాలంటే చుట్టుపక్కల అలాంటివి ఈమధ్య ఎంతకు అమ్ముడయ్యాయో చూస్తాం. దానికి ఆధారం సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఉండే దస్తావేజులు. ఆ దస్తావేజుల్లో ఏముంటుంది? 70 లక్షలకు కొన్నవాళ్లు కూడా రిజిస్ట్రేషన్‌కు ప్రభుత్వం కట్టిన విలువకు రెండు మూడు లక్షలు కలిపి రాయించుకుంటారు. మిగిలింది నగదుగా సంచిలో వెళ్తుంది. ఆ సంచిని నేను నివేదికలో ఆధారంగా చూపలేను. జనమే ధర దాచిపెట్టి, వాల్యుయర్‌కు ధర తెలియడం లేదనడం మన దగ్గర పాత అలవాటు.

ఇంకో పద్ధతిలోనూ సరిచూస్తాం. ఫ్లాటుకు వచ్చే భూమి వాటా ఎన్ని గజాలు, గజం ఎంత, కట్టడానికి ఇవాళ ఎంతవుతుంది, ఆరేళ్ల అరుగుదల ఎంత. రెండు పద్ధతుల్లో వచ్చిన అంకెలు దగ్గరగా ఉంటేనే సంతకం పెడతాను. నివేదికలో ఇవాళ్టి విలువ, కాస్త త్వరగా అమ్మితే వచ్చేది, గత్యంతరం లేక అమ్మితే వచ్చేది అని మూడు అంకెలు రాస్తాం. ఐదేళ్ల తర్వాత ఎంతవుతుందో రాయడానికి అందులో గడి ఉండదు.

అయినా ప్రభుత్వ విధానాన్ని మేం అసలు చూడబోమని అనుకోవడం తప్పు. చినఅవుటపల్లి నుంచి గొల్లపూడి మీదుగా కాజకు వచ్చే పశ్చిమ బైపాస్ ఉంది. కృష్ణ మీద వంతెన కళ్లకు కనిపిస్తోంది. దాని పక్క స్థలానికి ఆ మేరకు రేటు వేస్తాను. ఔటర్ రింగు రోడ్డు 190 కిలోమీటర్లంటున్నారు, ఇంకా మ్యాపులో గీత. గీతకు రేటు వేయను.

తుళ్లూరు అబ్బాయి

గజంబద్ద గారూ, మీ లెక్క పెరిగేటప్పుడే ఇంత నిదానంగా నడుస్తుంది. పడేటప్పుడు నడవలేదు, దూకింది.

2019 డిసెంబరు 17న శాసనసభలో మూడు రాజధానుల మాట వచ్చింది. చట్టం లేదు, ఏదీ లేదు, ఒట్టి మాట. మా నాన్న రెండెకరాల జరీబు (నీటి వసతి ఉన్న సారవంతమైన) భూమి రాజధాని కోసం భూసమీకరణకు ఇచ్చారు. బదులుగా ఎకరాకు వెయ్యి గజాల నివాస స్థలం, 450 గజాల వాణిజ్య స్థలం అని ప్రభుత్వమే రాసిచ్చిన కాగితం మా బీరువాలో ఉంది. మా చెల్లి చదువుకు ఆ ప్లాటు మీద అప్పు అడిగితే ఒక బ్యాంకులో ఫైలు తెరవకుండానే "అక్కడి ఆస్తులు ఇప్పుడు తీసుకోవడం లేదు" అన్నారు. ఏ దస్తావేజు చూసి అన్నారు? ఏ అమ్మకం చూసి అన్నారు? అప్పుడు రాజకీయ ప్రకటన ఆధారమైనప్పుడు, ఇప్పుడు జరుగుతున్న పనులు ఎందుకు ఆధారం కావు?

2022 మార్చి 3న హైకోర్టు రాజధానిని అభివృద్ధి చేయాల్సిందేనని తీర్పిచ్చింది. దాంతోనూ మా కాగితం విలువ పెరగలేదు. ఆ తీర్పులో పెట్టిన గడువుల మీద సుప్రీంకోర్టు స్టే ఇవ్వగానే మాత్రం ఏజెంట్లు ఫోన్లు ఎత్తడం మానేశారు. అందుకే కదా అమరావతి పేరు పార్లమెంటు చట్టంలో ఉండాలని మా రైతులు పట్టుబట్టింది. మాకు కావాల్సింది ఎక్కువ ధర కాదు, ఎన్నికలు వచ్చినప్పుడల్లా మారని ధర.

విశ్రాంత మేనేజరు

బాబూ, నీ బాధ అర్థమైంది. 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చిన వాళ్ల విషయంలో జరిగింది అన్యాయమే. కాకపోతే బ్యాంకు ఎప్పుడూ తగ్గే వైపు తొందరగా, పెరిగే వైపు ఆలస్యంగా నడుస్తుంది. కావాలనే అలా నడుస్తుంది. అది డిపాజిటర్ల డబ్బు.

2017, 18లలో నేను మంగళగిరి వైపు ఒక బ్యాంకు శాఖలో ఉన్నాను. అప్పుడూ ఇదే వాదన. "సచివాలయం కడుతున్నారు, హైకోర్టు వస్తోంది, రేటు వేయండి." కొందరు వేశారు. తర్వాత ఐదేళ్లూ అమ్ముదామంటే కొనేవాడు లేక, ఉంచుకుందామంటే నెలనెలా వాయిదా తప్పక నలిగినవాళ్లను చూశాను. అలా నలిగినవాళ్లలో ఉపాధ్యాయులు, నర్సులే ఎక్కువ. పెద్ద పెట్టుబడిదారులు ముందే దిగిపోయారు.

పటమట గారు ఇరవై ఏళ్లకు అప్పు తీసుకుంటారనుకుందాం. అంటే నాలుగు అసెంబ్లీ ఎన్నికలు. ఒక్క ఎన్నిక ఫలితాన్ని చూసి విలువ రాసిన నివేదిక మిగతా మూడింటికి ఎలా నిలబడుతుంది?

ఉండవల్లి కరకట్ట

కుంచనపల్లి ఉన్న తాడేపల్లి మండలానికి ఇవేవీ వర్తించవు. పాత ముఖ్యమంత్రి ఇల్లు తాడేపల్లిలో, ఇప్పటి ముఖ్యమంత్రి ఇల్లు ఉండవల్లిలో. ప్రభుత్వం మారింది గానీ ముఖ్యమంత్రి మండలం దాటలేదు. నిశ్చింతగా కొనుక్కోండి.

బ్రాడీపేట నాలుగో లైను

నవ్వుకోవడానికి బాగానే ఉంది. ఈ చర్చంతా కొనేవాళ్ల గురించి, అమ్మేవాళ్ల గురించి. ఆ రెండూ కానివాళ్ల సంగతి ఎవరూ ఎత్తడం లేదు.

2025 ఫిబ్రవరి 1 నుంచి రిజిస్ట్రేషన్ విలువలు సవరించారు. ముందు రెండు రోజులు రిజిస్ట్రారు కార్యాలయాల దగ్గర జనం ఎలా కిక్కిరిశారో చూశాం. స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ రుసుము ఒకటి, వెరసి ఏడున్నర శాతం. అదైతే కొనేవాడు ఒక్కసారి కడతాడు. కానీ 2021 ఏప్రిల్ నుంచి మన పట్టణాల్లో ఇంటి పన్నును అద్దె విలువ మీద కాకుండా ఆస్తి మూలధన విలువ మీద వేస్తున్నారు. ఆ మూలధన విలువకు మూలం ఈ రిజిస్ట్రేషన్ విలువే. ఏడాదికి 15 శాతానికి మించి పెంచబోమని హద్దు పెట్టారు, సంతోషం. వరుసగా ఐదేళ్లు 15 చొప్పున పెంచితే పన్ను రెట్టింపు అవుతుంది, ఎవరైనా వేసి చూసుకోండి.

నాకు మా తాతగారి ఇల్లు ఉంది. అమ్మను. అద్దెకివ్వను. అమరావతిలో నాకు సెంటు భూమి లేదు. అవతల ఆశ పెరిగితే ఇవతల నా డిమాండు నోటీసు పెరుగుతుంది. పాత ప్రభుత్వం తెచ్చిన పద్ధతిని కొత్త ప్రభుత్వం తీసేస్తుందనుకున్నాను. ఆదాయం తెచ్చే చట్టాన్ని ఏ పార్టీ అయినా ఎందుకు తీసేస్తుంది లెండి.

గజంబద్ద

బ్రాడీపేట గారి మాటకు ఇంకో వైపు ఉంది. ప్రభుత్వ విలువ బయటి ధరకు దగ్గరగా వస్తేనే దస్తావేజుల్లో నిజం రాస్తారు. అప్పుడే పటమట గారి లాంటి జీతగాళ్లకు సరైన అప్పు పుడుతుంది. ఇంటి పన్ను శాతం తగ్గించి విలువ పెంచితే ఇద్దరికీ నష్టం ఉండదు. విలువ పెంచేటప్పుడు పన్ను శాతం తగ్గించే సగం ఎవరికీ గుర్తుండదు.

సింగ్‌నగర్ వాసి

మీరంతా కృష్ణకు అవతలి ఒడ్డు గురించే మాట్లాడుతున్నారు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగుకు గండ్లు పడి ఇక్కడ విజయవాడలో మా వీధిలోకి నీళ్లొచ్చాయి. మంచం, ఫ్రిజ్, పిల్లల పుస్తకాలు అన్నీ పోయాయి. గోడ మీద నీటి మరక ఇప్పటికీ నా భుజం ఎత్తులో ఉంది, రెండుసార్లు సున్నం వేసినా పైకి తేలుతోంది.

ఆ తర్వాత ఇంటి మీద అదనపు అప్పుకు వెళ్తే వచ్చిన వాల్యుయర్ ముందు ఆ మరక దగ్గరే ఆగి ఫొటో తీసుకున్నారు. తప్పనను, అది ఆయన పని. కానీ బుడమేరు కాలువ వెడల్పు చేస్తారా, ఆక్రమణలు తీస్తారా, గట్లు బలపరుస్తారా అన్నదే మాకు ప్రభుత్వ విధానం. అది జరిగితే రాజరాజేశ్వరిపేట నుంచి కండ్రిక దాకా వేల ఇళ్ల విలువ నిలబడుతుంది. సచివాలయ గోపురం ఎన్ని అంతస్తులైతే మాకేమిటి?

తుళ్లూరు అబ్బాయి

సింగ్‌నగర్ గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఒక్క సవరణ. ఆ వరదను చూపించి మా ఊళ్లు కూడా మునుగుతాయని ప్రచారం చేశారు. నీళ్లు వచ్చింది విజయవాడలో, రేటు దెబ్బ తగిలింది మాకు.

2018లో రాజధాని చుట్టుపక్కల ప్లాట్లు కొని ఇప్పుడు అమ్ముదామనుకునేవాళ్లకు ఒక మాట. 2024 జులై 23న మూలధన లాభం పన్నును ఇండెక్సేషన్ (ద్రవ్యోల్బణం మేరకు కొన్న ధరను పెంచి లెక్కించడం) లేకుండా 12.5 శాతం చేశారు. అంతకుముందు కొన్న స్థలాలకు, ఇళ్లకు పాత 20 శాతం పద్ధతిని ఎంచుకునే వీలు ఉంచారు. 2018-19లో 30 లక్షలకు కొని, 2024-25లో 45 లక్షలకు అమ్మారనుకోండి. కొత్త పద్ధతిలో 15 లక్షల మీద 1,87,500 కట్టాలి. పాత పద్ధతిలో ద్రవ్యోల్బణ సూచీ 280 నుంచి 363కు పెరిగింది కాబట్టి కొన్న ధర 38.89 లక్షలవుతుంది, పన్ను 1,22,000 చిల్లర. ధర ఐదేళ్లు కదలని మా లాంటి చోట పాతదే మేలు. ఆడిటరును అడగకుండా సంతకం పెట్టకండి.

పటమట బాటసారి

అందరికీ ధన్యవాదాలు. ఏజెంటు నిన్న కొత్త ఉపాయం చెప్పాడు. అగ్రిమెంటులో 80 లక్షలని రాసి, "మనకు తెలిసిన" ఇంకో వాల్యుయర్‌ను పెట్టిస్తే అప్పు దానంతటదే పెరుగుతుందట. చాలామంది ఇలాగే చేస్తున్నారని అంటున్నాడు. విశ్రాంత మేనేజరు గారూ, మీరేమంటారు?

విశ్రాంత మేనేజరు

చేయకండి. అగ్రిమెంటులో ఎంత ఉన్నా, వాల్యుయేషన్ ఎంత వచ్చినా, రెండింటిలో తక్కువదాని మీదే బ్యాంకు అప్పిస్తుంది. కాబట్టి అగ్రిమెంటు పెంచితే సరిపోదు, నివేదిక కూడా అబద్ధం కావాలి. వాయిదాలు ఆగితే బ్యాంకు ముందు తెరిచేది ఆ రెండు కాగితాలే, రెండింటి మీదా మీ సంతకం ఉంటుంది. పైగా 80 లక్షలకే రిజిస్ట్రేషన్ చేయించుకుంటే ఏడున్నర శాతం లెక్కన 6 లక్షలు, 72కైతే 5 లక్షల 40 వేలు. 60 వేలు అదనంగా మీ జేబులోంచి. స్టాంపు ఖర్చుకు బ్యాంకు అప్పివ్వదు కూడా.

దానికి బదులు ఆ అపార్టుమెంటులోనే గత ఏడాదిలో అమ్ముడైన ఫ్లాట్ల దస్తావేజు నకళ్లు తీయించండి. పూర్తి ధర చెక్కుల్లో చెల్లించినవి ఒకటి రెండు దొరికినా చాలు. వాటితో బ్యాంకుకు పునఃపరిశీలన అర్జీ పెట్టండి. దొరకలేదంటే 72 లక్షలకు అక్కడ ఎవరూ కొనలేదని అర్థం. అప్పుడు అదే మాట యజమానితో చెప్పి, 65 దగ్గర బేరం మొదలుపెట్టండి.