ట్రయల్ నడుస్తుండగానే చీటీల లెక్క మార్చొచ్చా?

పల్లెడాక్టరు (చర్చ మొదలుపెట్టినవారు)

జిల్లా ఆస్పత్రిలో జనరల్ మెడిసిన్ చూస్తాను. మొన్న జర్నల్ క్లబ్‌లో పీజీ పిల్లలకి బ్రిటన్‌లో 2020లో కోవిడ్ మందుల మీద జరిగిన రికవరీ ట్రయల్ గురించి చెప్పాను. అప్పట్నుంచి ఒక ప్రశ్న బుర్రలో తిరుగుతోంది, ఇక్కడ పడేస్తున్నా.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ట్రయల్ అంటే ఎవరికి ఏ మందో చీటీలు తీసినట్టు తేల్చి, ఫలితాలు పోల్చి చూడటం. ఆక్స్‌ఫర్డ్‌లో పీటర్ హార్బీ, మార్టిన్ లాండ్రే అనే ఇద్దరు ప్రోటోకాల్ (ట్రయల్ ఎలా నడపాలో చెప్పే పత్రం) రాయడం మొదలుపెట్టిన తొమ్మిది రోజులకే మొదటి పేషెంటు చేరాడు. అది మార్చి 19. 170కి పైగా ఆస్పత్రులు. పేషెంటుని చేర్చడానికి వెబ్‌సైట్‌లో ఒక చిన్న ఫారం. డిశ్చార్జి అయినప్పుడో, చనిపోయినప్పుడో, లేదా 28వ రోజునో ఇంకో ఫారం. అంతే! ఒకే గొడుగు కింద నాలుగైదు మందులు. పనికిరానిది బయటికి, కొత్తది లోపలికి. జూన్ 5న హైడ్రాక్సీక్లోరోక్విన్ దండగని చెప్పేశారు. జూన్ 16న డెక్సామెథాసోన్ పనిచేస్తుందన్నారు. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు 41.4 శాతం నుంచి 29.3కి తగ్గాయి. రోజుకి 6 మిల్లీగ్రాములు, మన మెడికల్ షాపుల్లో ఎప్పట్నుంచో దొరికే చవక మందు.

మన దగ్గర ఒక్క మందుకి ఒక ట్రయల్ పెట్టడానికే ఏడాది పడుతుంది. అందుకే నా వాదన ఇదీ: ఇకమీద మన పెద్దాస్పత్రుల్లో ట్రయల్స్ అన్నీ ఈ అడాప్టివ్ (నడుస్తుండగానే మార్చుకునే) పద్ధతిలోనే పెట్టాలి. మధ్యమధ్యలో లెక్కలు చూసుకుంటూ, బాగా పనిచేస్తున్న మందు వైపు ఎక్కువమందిని పంపాలి. కాదనేవాళ్లుంటే చెప్పండి.

లెక్కలపంతులు

కాదనేవాణ్ణి నేనున్నాను సార్. డిగ్రీ పిల్లలకి స్టాటిస్టిక్స్ చెబుతాను, ట్రయల్స్‌కి ఒప్పుకోలు ఇచ్చే ఒక ఎథిక్స్ కమిటీలో కూడా కూర్చుంటాను.

మీరు రెండు వేరు వేరు సంగతుల్ని ఒకే మూట కట్టారు. రికవరీలో చేసింది మందుల్ని చేర్చడం, తీసెయ్యడం. డెక్సా వైపు ఎంతమంది, మామూలు వైద్యం వైపు ఎంతమంది అన్న నిష్పత్తిని ఫలితాలు చూసి మార్చలేదు. 2,104 మందికి డెక్సా, 4,321 మందికి మామూలు వైద్యం, అంటే ఒకటికి రెండు. ముందే రాసుకున్న లెక్క అది. మీరు అడుగుతున్న "బాగున్నవైపు ఎక్కువమంది" అనేది రెస్పాన్స్ అడాప్టివ్ పద్ధతి. అది వేరే జంతువు.

ఇక మధ్యమధ్యలో చూసుకోవడం గురించి. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలంటాం. మందుకి ఆ సామెత పనికిరాదు. 5 శాతం గీత పెట్టుకుని ఒక్కసారి చూస్తే, పనిచేయని మందుని పనిచేస్తుందని పొరబడే అవకాశం 5 శాతం. అదే గీతతో ఐదుసార్లు మూత తీసి చూస్తే 14 శాతం దాటుతుంది. చూడొద్దనడం లేదు. ఎన్నిసార్లు, ఏ గీతతో చూస్తామో మొదటి పేషెంటు చేరకముందే కాగితం మీద ఉండాలి, చూసేవాళ్లు ట్రయల్ నడిపేవాళ్లు కాకూడదు. మా కమిటీకి వచ్చే ప్రోటోకాల్స్‌లో "అవసరమైతే డిజైన్ మార్చుకుంటాం" అని ఒక్క వాక్యం రాసి పంపేవాళ్లున్నారు. అది అడాప్టివ్ కాదండీ, గోడమీద పిల్లి.

డల్లాస్‌బాబాయ్

పంతులు గారూ, మీరు చెప్పిన జాగ్రత్తలన్నీ ఇక్కడ ఎప్పట్నుంచో పాటిస్తున్నారు. పాతికేళ్లుగా ట్రయల్స్ నడిపే కంపెనీల్లోనే పనిచేస్తున్నా. బ్రిటన్‌లో ప్రోస్టేట్ క్యాన్సర్ మీద స్టాంపీడ్ ట్రయల్ 2005లో మొదలైంది, ఏళ్ల తరబడి మందులు మారుస్తూ నడిచింది, చికిత్సనే మార్చింది. ఐ-స్పై 2 అని రొమ్ము క్యాన్సర్ ట్రయల్ 2010 నుంచి ఉంది, అందులో మీరు వద్దంటున్న ఆ నిష్పత్తి మార్చడం కూడా ఉంది. ఆకాశం ఏమీ విరిగిపడలేదు.

అసలు సంగతి నైతికమైనది. ఒక మందు బాగా పనిచేస్తోందని కళ్లముందు కనబడుతుంటే, తర్వాత వచ్చే పేషెంటుకి బొమ్మా బొరుసా వేయడం ఏం న్యాయం?

లెక్కలపంతులు

ఆకాశం విరిగిపడిన చోటు ఒకటి చెబుతాను. మీ దేశమే.

1985, మిషిగన్. ఊపిరితిత్తులు పనిచేయని పసిబిడ్డలకి రక్తాన్ని బయటికి తీసి ఆక్సిజన్ ఎక్కించే ఎక్మో యంత్రం. మీరన్నట్టే చేశారు: గెలిచిన వైపుకి చీటీలు పెంచుతూ పోవడం. మొదటి బిడ్డకి ఎక్మో పడింది, బతికింది. రెండో బిడ్డకి మామూలు వైద్యం పడింది, చనిపోయింది. ఆ తర్వాత వరసగా పదిమందికీ ఎక్మోనే, అందరూ బతికారు. మొత్తం 12 మంది. ఎక్మో వైపు 11, అటువైపు ఒక్కటంటే ఒక్క బిడ్డ.

ఆ ఒక్క బిడ్డ మిగతావాళ్లకంటే జబ్బు ముదిరి వచ్చిందేమో ఎవరు చెప్పగలరు? ఆ ఫలితాన్ని చాలామంది డాక్టర్లు నమ్మలేదు. పదేళ్లపాటు వాదనలు. చివరికి బ్రిటన్‌లో 185 మంది పిల్లలతో మామూలు పద్ధతిలో, సగం సగం చీటీలతో మళ్లీ ట్రయల్ పెట్టాల్సి వచ్చింది. 1996లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఎక్మో వైపు 93 మందిలో 30 మంది, అటువైపు 92 మందిలో 54 మంది పోయారు. ఎక్మో మంచిదని అప్పుడు తేలింది.

డల్లాస్‌బాబాయ్

అదే నేనూ అంటున్నా! 11 మంది బతికాక కూడా 92 మంది పిల్లల్ని పాత వైద్యానికి వదిలారు. 54 మంది. మీ లెక్క గట్టిపడటానికి కట్టిన ధర అది.

లెక్కలపంతులు

1985లోనే నమ్మదగ్గ ట్రయల్ పెట్టి ఉంటే, తర్వాత ఆ 92 మందిని అలా వదలాల్సిన అవసరమే వచ్చేది కాదు. 12 మందితో తొందరపడి మిగిల్చింది పదేళ్ల సందేహం.

ఇంకొకటి. కోవిడ్ లాంటి జబ్బులో ఇది మరీ ప్రమాదం. మొదట్లో అటూ ఇటూ సమానంగా పంపారు, తర్వాత మందు వైపు పెంచారనుకోండి. ఈలోగా వేవ్ మారింది, వైరస్ మారింది, నర్సులకి చేయి తిరిగింది. మరణాలు వాటంతటవే తగ్గుతాయి. పేరు మాత్రం మందుకొస్తుంది.

భద్రాద్రివాసి

మీ ఇద్దరి లెక్కలూ చదివాను. మా వైపు సంగతి కూడా వినండి.

2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో, మా భద్రాచలం సహా మూడు మండలాల్లో, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా 14 వేల మంది వరకు ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, మన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) కలిసి. గుజరాత్‌లో వడోదరలో కూడా. దాన్ని ట్రయల్ అనలేదు, "డెమాన్‌స్ట్రేషన్ ప్రాజెక్టు" అన్నారు. పిల్లల్లో ఎంతోమంది గిరిజనులు, చాలామంది ఆశ్రమ పాఠశాలల హాస్టళ్లలో ఉండేవాళ్లు. చాలామందికి అమ్మానాన్నల బదులు వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టారు. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలు టీకా వల్ల కాదనే విచారణ కమిటీ చెప్పింది, అది నేనూ కాదనను. టీకా మంచిదే, మా చెల్లెలి కూతురికి నేనే దగ్గరుండి వేయించాను. కానీ 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తప్పుపట్టింది కూడా అబద్ధం కాదు.

కొత్త పద్ధతి, కొత్త పేరు అనగానే మాకు ఆ వార్డెన్ సంతకమే గుర్తొస్తుంది. పేరు మారితే నియమాలు సడలుతాయా అన్నది మా అనుమానం.

కన్సెంట్‌అక్క

హైదరాబాద్‌లో ట్రయల్ కోఆర్డినేటర్‌ని, తొమ్మిదేళ్లుగా. మీరు పైన మాట్లాడుకుంటున్నదంతా చివరికి నా నోటితో పేషెంటుకి చెప్పాలి. అందుకే ఒక సంగతి రాస్తున్నా.

ఒక ట్రయల్‌లో ముగ్గురిలో ఇద్దరికి కొత్త మందు, ఒకరికి డమ్మీ. నిష్పత్తి మారదు, మొదట్నుంచీ అంతే. నల్గొండ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన బెడ్ మీద, పక్కన కొడుకు. తెలుగు ఫారంలో "యాదృచ్ఛికీకరణ" అని ఉంటుంది. ఆ మాట చదివి అర్థమైందన్న మనిషిని ఈ తొమ్మిదేళ్లలో చూడలేదు. నేను ఫారం పక్కన పెట్టి చీటీల కథ చెబుతాను. "డబ్బాల మూడు చీటీలున్నయనుకోండి, రెండిట్ల కొత్త మందు, ఒకదాంట్ల ఉత్త గోలీ. ఏది వస్తదో నాకూ తెల్వదు, డాక్టర్‌కీ తెల్వదు."

కొడుకు అడిగాడు: "ముగ్గుర్ల ఇద్దరికి ఇస్తున్నరంటే అది మంచిగ పనిచేస్తదనే గదమ్మా? గట్లయితే మూడో ఆయనకు గూడ అదే ఇయ్యొచ్చు గద?"

అది పనిచేస్తుందో లేదో తెలియకే ట్రయల్ పెట్టాం, కొత్త మందు గురించి ఎక్కువ తెలుసుకోవడానికే రెండు చీటీలు అని చెప్పాను. అప్పటికి అది నిజం. తలూపాడు.

ఇప్పుడు బాబాయ్ గారు చెప్పిన పద్ధతిలో ఇదే ట్రయల్ నడుస్తోందనుకోండి. పోయిన నెల సగం సగం, ఈ నెల ముగ్గురిలో ఇద్దరికి, ఎందుకంటే అది బాగా చేస్తున్నట్టుంది. అప్పుడు ఆ అబ్బాయి అదే ప్రశ్న అడిగితే ఏం చెప్పను? "తెలియదు" అంటే అబద్ధం, ఎంతో కొంత తెలుసు కాబట్టే కదా మార్చింది. "తెలుసు" అంటే మూడో చీటీ ఎవరు తీసుకుంటారు? కొత్త ఫారం రావాలి, ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి, ముందు చేరినవాళ్లకి కూడా చెప్పాలి. నిష్పత్తి మారిందని సాఫ్ట్‌వేర్‌కి ఒక్క రాత్రిలో తెలుస్తుంది. మంచం దగ్గరికి రావడానికి ఆరు వారాలు.

కొన్ని ట్రయల్స్‌లో కన్సెంట్ (పేషెంటు ఒప్పుకోలు) తీసుకునేటప్పుడు వీడియో కూడా తీయాలి. కెమెరా ఎర్ర లైటు వెలగగానే మనుషులు ప్రశ్నలు మానేసి "సరేనమ్మా" అంటారు. ఆ అబ్బాయి ప్రశ్న అడిగింది కెమెరా ఆపాకే.

కృష్ణలంక

2021 ఏప్రిల్‌లో కోవిడ్ వచ్చిన మా మేనమామకి ప్లాస్మా (కోలుకున్నవాళ్ల రక్తంలోంచి తీసేది) కావాలని ఒక ప్రైవేటు ఆస్పత్రి చీటీ రాసిచ్చింది. రెండు రాత్రులు వాట్సాప్ గ్రూపుల్లో దాతల కోసం వెతికాం. మామయ్య దక్కలేదు. తర్వాత తెలిసింది: ఐసీఎంఆర్ వాళ్లు 2020లోనే 39 ఆస్పత్రుల్లో 464 మందితో ప్లాసిడ్ అని ట్రయల్ చేశారు, ప్లాస్మా వల్ల లాభం లేదని 2020 అక్టోబర్‌లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చింది. కోవిడ్ చికిత్స మార్గదర్శకాల్లోంచి ప్లాస్మాని తీసేసింది 2021 మే నెలలో. మీరు రోజుకో కొత్త పద్ధతిలో ట్రయల్ చేయండి సార్లూ. వచ్చిన జవాబు ఆ డాక్టరు దాకా చేరడానికి ఏ పద్ధతి ఉంది?

పల్లెడాక్టరు

కృష్ణలంక గారూ, నా దగ్గర జవాబు లేదు. మా వైపు దీనికి తలకిందుల కథ. డెక్సా వార్త వారంలో చేరింది, సగమే చేరింది. ఆక్సిజన్ అక్కర్లేనివాళ్లకి లాభం లేదని అదే ట్రయల్ చెప్పినా, ఆక్సిజన్ 98 ఉన్నవాళ్లకి కూడా మొదటి రోజునుంచే రాసి పంపారు ఆర్‌ఎంపీలు. మాలో కొందరు కూడా.

పంతులు గారూ, మూట విప్పుతున్నా. నిష్పత్తి మార్చే మాట వెనక్కి తీసుకుంటున్నా, కనీసం మా స్థాయి ఆస్పత్రుల వరకు. ఒకే గొడుగు, చిన్న ఫారం, పనికిరానిదాన్ని తీసెయ్యడం, ఈ మూడూ వదలను. మా వార్డులో సిస్టర్‌కి నలభై పేజీల కేస్ షీట్ నింపే తీరిక లేదు.

డల్లాస్‌బాబాయ్

నేను వెనక్కి తీసుకోను. పేషెంట్లు దొరకని అరుదైన జబ్బుల్లో నిష్పత్తి మార్చక తప్పదు, దానిమీద వేరే చర్చ పెడతా. కానీ అక్క గారి ప్రశ్నకి నా దగ్గర కూడా సరైన సమాధానం లేదని ఒప్పుకుంటున్నా. ఇంతకీ ఆ నల్గొండ అబ్బాయి ఏం చేశాడమ్మా?

కన్సెంట్‌అక్క

రెండు రోజులు ఆలోచించుకుని తండ్రీకొడుకులిద్దరూ మాట్లాడుకుని సంతకం పెట్టారు. పోయేటప్పుడు ఫారం వెనక తన ఫోన్ నంబరు రాసి, "మా నాయనకు ఏ చీటీ వచ్చిందో అయిపోయినంక చెప్తరా?" అని అడిగాడు. చెప్తానన్నాను. ట్రయల్ ముగిసి ఏడాదిన్నర అయింది, ఎవరికి ఏది ఇచ్చారన్న లెటర్ మా ఆస్పత్రికే ఇంకా రాలేదు. మూడుసార్లు మెయిల్ పెట్టాను. నంబరు నా డైరీలో ఉంది.