ప్లీడర్లకు నెలకో క్లాసు: తప్పనిసరి చేయాలా, వద్దా?

తాలూకా ప్లీడర్:
మా బార్ అసోసియేషన్ జనరల్ బాడీలో ఒక ప్రతిపాదన పెట్టబోతున్నా, ముందు ఇక్కడ నాలుగు తిట్లు తినేస్తే అక్కడ అలవాటైపోతుందని రాస్తున్నా. నెలకో శనివారం, బార్ హాల్లోనే, రెండు గంటల క్లాసు. ఏడాదిలో ఆరింటికైనా రాని వాళ్లకు అసోసియేషన్ ఎన్నికల్లో పోటీ చేసే అర్హత ఉండదు.

ఎందుకంటే, ఈమధ్య మా కోర్టులో ఒక చేబదులు దావాలో వాట్సాప్ మెసేజ్‌ల ప్రింట్లు వేసి, వాటితో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేసే పాత 65బి సర్టిఫికెట్‌నే పైన సెక్షన్ నంబరు 63(4) అని మార్చి పెట్టేశారు. 2024 జులై 1న వచ్చిన కొత్త సాక్ష్య చట్టంలో దానికి రెండు భాగాలున్నాయి. ఎ భాగం పార్టీ ఇవ్వాలి, బి భాగం ఎక్స్‌పర్ట్ ఇవ్వాలి, ఫైలు మారలేదని చూపే కోడ్, అంటే హ్యాష్ వాల్యూ రాయాలి. అవేమీ లేవు. అవతలి ప్లీడరు లేచారు, వాయిదా పడింది. వరండాలో కక్షిదారు "ఫోనులోనే ఉన్నాయి కద సార్, జడ్జిగారికి చూపిస్తే పోదా" అని అడుగుతున్నాడు. ఆ సర్టిఫికెట్ వేసింది నేనే.

నల్లకోటు 1991:
బాబూ, మేము ఏ క్లాసులకెళ్లాం? సీనియర్ ఛాంబరే బడి. బేర్ యాక్ట్, అంటే వ్యాఖ్యానాల్లేని చట్టం పుస్తకం, కొనుక్కుని పాత సెక్షన్ పక్కన పెన్సిల్‌తో కొత్తది రాసుకుంటే పని అయిపోతుంది. ఇంగ్లండులో సొలిసిటర్లకు ఏడాదికి 16 గంటలని లెక్క పెట్టి, 2016లో వాళ్లే ఆ లెక్క ఎత్తేశారు, ఏం నేర్చుకోవాలో మీరే చూసుకుని ఏటా డిక్లరేషన్ ఇవ్వండి అన్నారు. మనం ఇప్పుడు మొదలుపెడదామా?

మూడేళ్ల జూనియర్:
సార్, ఛాంబర్ బడే, కాదనను, కానీ మా బడిలో పొద్దున వాయిదాలు రాసుకోవడం, సాయంత్రం జెరాక్సులు, అంతే. సాక్ష్య చట్టంతో పాటే క్రిమినల్ చట్టాలూ మారి సెక్షన్ నంబర్లు కలగాపులగమయ్యాయి. ముందస్తు బెయిల్ పాత 438, ఇప్పుడు 482. పాత 482 అంటే హైకోర్టులో క్వాష్, అంటే కేసు కొట్టేయమని అడగడం, అది 528 అయింది. మొదట్లో మా సీనియర్ గారు "482 ఒకటి తయారు చెయ్యమ్మా" అంటే ఏ 482నో అడగడానికి భయమేసి, కేస్ కట్టలో అరెస్టు భయం కనిపిస్తోందా అని చూసి ఊహించుకునేదాన్ని.

ఇంక పెన్సిల్ సంగతి. మోసం కేసు 420 పక్కన కొత్త 318(4) రాసుకోవచ్చు. సోదా చేసేటప్పుడు వీడియో తీయాలనే కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్ఎస్ఎస్‌లోని 105 పాత సీఆర్పీసీలో లేనే లేదు, దాన్ని ఏ నంబరు పక్కన రాయాలి? వీడియో ఏదని క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడగడం మర్చిపోతే నష్టపోయేది ముద్దాయి. పైగా 2024 జులైకి ముందు జరిగిన నేరాలకు ఇంకా ఐపీసీనే, అంటే రెండు పుస్తకాలూ మొయ్యాలి.

వాయిదాల బాధితుడు:
నేను లాయర్ని కాదు, కక్షిదారుణ్ణి. మా ఆడిటర్ గారు ఏటా ఇన్ని గంటలని క్లాసులకు వెళ్తారు, డాక్టర్లకు ఐదేళ్లకు 30 గంటలున్నాయి. మీకు మాత్రం ఎందుకండీ అంత బరువు?

నల్లకోటు 1991:
అమ్మా, 105 మాట ఒప్పుకుంటున్నా, నా పుస్తకంలో దాని పక్కన ఖాళీగానే ఉంది. అయినా తప్పనిసరి అంటే ఏమవుతుందో నాకు తెలుసు, రిజిస్టర్‌లో సంతకం పెట్టి క్యాంటీన్‌కి పోతారు. నేనూ పోతా. పైగా చెప్పేదెవరు? మైకు దొరికితే మన వాళ్లు స్వాతంత్ర్యోద్యమంలో లాయర్ల పాత్ర దగ్గర మొదలుపెడతారు.

తాలూకా ప్లీడర్:
అయితే ఉపన్యాసాలు తీసేద్దాం, ఎన్నికల షరతు కూడా తీసేస్తున్నా, దానికి ఎలాగూ ఓట్లు పడవు. ఒక్కొక్కరు తనకు రిటర్న్ వచ్చిన పిటిషన్ ఒకటి పట్టుకురావాలి, ఎందుకు తిప్పి కొట్టారో అందరం చూస్తాం. ఖర్చు స్టేట్ బార్ కౌన్సిల్‌ని అడుగుదాం, సెమినార్లు పెట్టడం వాళ్ల పనేనని 1961 అడ్వకేట్స్ యాక్ట్ సెక్షన్ 6లోనే ఉంది. మొదటి శనివారం నా సర్టిఫికెట్ తెస్తా. సీనియర్ గారూ, మీరు ముందు వరుసలో కూర్చోవాలి.

మూడేళ్ల జూనియర్:
సాయంత్రం కాకుండా పొద్దున పదింటికి పెట్టండి సార్, ఆడవాళ్లం బస్సులు చూసుకోవాలి.

నల్లకోటు 1991:
పదింటికే పెట్టండి. నా దగ్గరా రెండు రిటర్న్‌లున్నాయి. పేరు మాత్రం చెరిపి తెస్తా.