డీల్ టేబుల్ మీద ఏ డీలూ జరగలేదు

పాత ఇంగ్లీషు కథ ఒకటి తెలుగు చేస్తున్న మిత్రుడు నిన్న అడిగారు: "పేదవాడి గదిలో డీల్ టేబుల్ ఉందట. ఒప్పందాలు రాసుకునే బల్లా?"

కాదండీ. ఇక్కడ డీల్ అంటే పైన్, ఫర్ లాంటి చెట్ల మెత్తకర్ర, ఆ కర్ర దుంగను కోసిన పలక కూడా. 19వ శతాబ్దపు కథలో డీల్ టేబుల్ కనిపిస్తే ఆ ఇంట్లో డబ్బుకి కటకట అని చదువుకోవాలి. ఉన్నవాళ్ల ఇంట్లో అయితే మహాగని ఉంటుంది.

కలప వర్తకుల లెక్కలో డీల్‌కి కొలత ఉండేది: వెడల్పు 9 అంగుళాలు, మందం 3 అంగుళాలకు మించకూడదు, పొడవు కనీసం 6 అడుగులు. 7 అంగుళాలకు మించని వెడల్పు ఉన్నది బాటెన్. నార్వే నుంచి, బాల్టిక్ రేవుల నుంచి ఇవి లండన్‌లో దిగేవి. వాటిని భుజాన మోసే కూలీలకు డీల్ పోర్టర్లని పేరు. మెడ, భుజం ఒరుసుకుపోకుండా వెనక తోలు వేలాడే టోపీ పెట్టుకునేవారు.

ఇక అసలు సంగతి. బేరం డీల్, పలక డీల్ అక్కాచెల్లెళ్లు కావు. జర్మన్ మాటలతో పోల్చి చూడండి. ఇంగ్లీషు 'డ' ఉన్న చోట జర్మన్‌లో 'ట' వస్తుంది: ఇంగ్లీషు డే, జర్మన్ టాగ్. ఆ లెక్కన బేరం డీల్‌కి జోడీ టైల్, అంటే భాగం. పంచిపెట్టడం అన్న అర్థం అక్కడిదే, పేకముక్కలు పంచడం కూడా. పలకకు జర్మన్ మాట డీలె. జర్మన్ 'డ'కి ఇంగ్లీషులో 'థ' రావాలి (మూడుకి జర్మన్‌లో డ్రై, ఇంగ్లీషులో త్రీ). రాలేదంటే అది ఇంటి మాట కాదు, 14వ శతాబ్దంలో ఉత్తర జర్మన్ వైపు నుంచి వచ్చిన అరువు మాట. కలపా దిగుమతే, పేరూ దిగుమతే!

ఈ పలక డీల్ మూలాన్ని పండితులు సంస్కృత 'తల'తో కలుపుతారు. మన భూతలం, సమతలంలో ఉన్న తలమే. శిరస్సు తల వేరు, కంగారు పడకండి.

అనువాదంలో 'సాదా చెక్కబల్ల' అంటే చాలు. 'పైన్' అని రాస్తే ఇవాళ్టి పాఠకుడికి ఖరీదైన ఫర్నిచర్ అనిపిస్తుంది.